నీలం మూత

ఆ వానాకాలం మా జిల్లాలో ఎవరి నోట విన్నా ఒకటే మాట, యూరియా. జగిత్యాల బస్టాండులో అదే, కోరుట్ల కూరగాయల మార్కెట్లో అదే. "అచ్చిందట" అని ఒకరు, "అయిపోయిందట" అని ఇంకొకరు. సొసైటీ గోదాముల ముందు రైతులు తెల్లవారకముందే చెప్పులు వరసలో పెట్టి, ఏ అరుగు మీదో కూలబడేవాళ్లు. కోరుట్లలో కిరాయి ఇంట్లో ఉండే మాకు గుంటెడు భూమి లేదు, మాకెందుకీ గొడవ అనుకున్నాను. కానీ మాకు బండి ఉంది. ఆ బండిలో పోసేదాన్ని కూడా అందరూ యూరియా అనే అంటారు. మా ఇంట్లో నిప్పు పెట్టింది ఆ ఒక్క మాటే. ఆ మాటా, మా ఆయన బద్ధకమూ.

బండి అంటే డీసీఎం, చిన్న లారీ. సిరిసిల్లలో చీరల మూటలు ఎక్కించుకుని వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు చేర్చడం మా పని. నడిపేది మా ఆయన ప్రభాకర్. మూటలు సరిచూసి దింపించేది నేను. మహిళా సంఘం అప్పుతో కొన్నది కాబట్టి కాయితాలన్నీ నా పేరు మీదే ఉన్నాయి. బండి తెచ్చుకున్న రోజు షోరూంలో ఒక పెద్దమనిషి డీజిల్ ట్యాంకు పక్కనున్న చిన్న ట్యాంకు చూపించి నిదానంగా చెప్పాడు.

"గీ నీలం మూత సూడుండ్రి. దీంట్ల పోసేది యూరియానే, గని పొలంల సల్లే యూరియా గాదు. సీల్ ఏసిన బకెట్ల అస్తది, నీళ్ల తీరు ఉంటది. పొగల ఉన్న విషాన్ని సంపుతది. తక్కువైతే పసుపు లైట్ ఎల్గుతది, అప్పుడే పోసుకోవాలె. ఇండ్ల ఇంకేదన్న పోసిండ్రనుకో, లైట్ మినుకుమినుకుమంటది, ఇంజన్ బలం గుంజేస్తది. ఆఖరికి బండి స్టార్టే గాదు."

నేను విన్నాను. మా ఆయన అప్పుడు అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని, మెడలో పూలదండ సర్దుకుంటూ ఫొటో దిగుతున్నాడు. మోచేత్తో పొడిచి, "ఇంటున్నవా?" అన్నాను. "ఇన్న, ఇన్న" అన్నాడు కెమెరా వైపు పళ్లికిలిస్తూ.

శ్రావణంలో ఒకరోజు లోడుతో వస్తుంటే రుద్రంగి దాటాక మీటర్ల మధ్య పసుపు లైటు వెలిగింది. పొగగొట్టం బొమ్మ, దాని కింద రెండు చుక్కలు. 

"యూరియా అయిపోవస్తుంది. కోరుట్లల బకెట్ తీస్కుందాం" అన్నాను.

"లైటే గదా ఎల్గింది, బండి ఆగిందా?"

"ఆగినంక ఏం జేస్తవ్?"

"ఆగినప్పుడు సూద్దాం తియ్యి. నువ్వొకదానివి, దానికంటె ఎక్కువ మొత్తుకుంటవ్."

మర్నాడు బండెక్కి చూస్తే ఆ లైటు మీద కొండగట్టు అంజన్న స్టిక్కరు అంటించి ఉంది. లైటు కనబడితే నేను నోరు తెరుస్తానని ఆయన కనిపెట్టిన ఉపాయం అది. పసుపు వెలుతురు స్టిక్కరు అంచుల్లోంచి వస్తూనే ఉంది, దేవుడి తల చుట్టూ కాంతి పెట్టినట్టు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోటితో గీకి తీయబోతే, "దేవుని మీద చెయ్యేస్తవా?" అని గయ్యిమన్నాడు. అటువంటి భక్తిని నేనెక్కడా చూడలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం సంఘం మీటింగు నుంచి ఇంటికి వస్తే మా బాపు వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ధోతి మోకాళ్ల దాకా తడిసి ఉంది, భుజం మీది తువ్వాల పిండితే నీళ్లు కారేలా ఉంది. ఆయనది వెల్గటూర్ దగ్గర ఊరు. పేరు భీమయ్య. జీవితమంతా ఒకరి పొలంలో కూలి చేసినవాడు, ఈ రెండేళ్లుగానే కొంచెం పొలం కౌలుకు పట్టి, నా బిడ్డ ఇంటికి నా బియ్యం పంపుతానని మురిసిపోతున్నాడు. నాటు వేసిన రోజుల్లో ఊరు కదిలే మనిషి కాదు.

"ఏంది బాపూ, చెప్పకుంట అచ్చినవ్?"

"అల్లుడు రమ్మన్నడు బిడ్డా. ఏందో చిన్న పని ఉండె, అయిపోయింది."

"పొలం ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది" అన్నాడు గ్లాసులోకి చూస్తూ. ఉండమంటే ఉండలేదు. చివరి బస్సు పోతుందని లేచాడు.

మర్నాడు అంజన్న వెనక వెలుగు లేదు. "సూసినవా? పోసిన. ఊకె లొల్లి వెడ్తివి" అన్నాడు ప్రభాకర్. బకెట్ ఎక్కడ కొన్నావంటే, "కొన్న తియ్యి, అన్ని నీకు చెప్పాల్నా?" అన్నాడు. లైటు పోయింది కదా, నాకూ అదే చాలనిపించింది.

చాలలేదు. కొద్ది రోజులకు లైటు మళ్లీ వచ్చింది, ఈసారి ఆగి ఆగి వెలుగుతూ. ఆయన అంజన్నను ఇంకొంచెం గట్టిగా అదిమాడు. ఒక మధ్యాహ్నం సిరిసిల్ల నుంచి నిండా లోడుతో వస్తుంటే రుద్రంగి దగ్గర ఎక్కుడులో బండి బలం పోయింది. యాక్సిలేటరు ఎంత తొక్కినా మూలుగుతుందే తప్ప కదలదు. కూలీలను ఎక్కించుకున్న ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటిపోయింది. అందులోని ఆడవాళ్లు, "దిగి నూకుండ్రే" అని కేకలేసి నవ్వారు. ఎలాగో ఈడ్చుకుంటూ కోరుట్ల శివారులో మెకానిక్ సారయ్య షెడ్డు దాకా వచ్చాం. అక్కడ ఒకసారి ఇంజను ఆపాడు, అంతే. మళ్లీ స్టార్టు కాలేదు. మూటలు పంపే సిరిసిల్ల సేటు ఫోన్లో మాకు నాలుగు మాటలు వడ్డించి, ఇంకో బండి పంపి మూటలు ఎత్తుకుపోయాడు. మిగిలిన లోడ్లు కూడా ఆ బండికే ఇచ్చాడు.

సారయ్య నీలం మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"యాపనూనె వాసనస్తుంది గదనే" అన్నాడు. "పొలం యూరియా గావట్టే. దానికే యాపనూనె పట్టిస్తరు. ఎవలు పోసిండ్రు?"

మూత లోపలి అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. సారయ్య ట్యాంకులోకి బ్యాటరీ లైటు కొట్టి చూపించాడు. అడుగున మడ్డి. దాన్ని పంపు గుంజి, గొట్టాల గుండా తోసి, సైలెన్సరు దగ్గర చల్లే సన్నటి నాజిల్లో పేర్చింది. అక్కడ వేడికి రాయి కట్టింది.

నేను ప్రభాకర్ వైపు తిరిగాను. ఆయన నా వైపు చూడలేదు. సారయ్యతోనే అన్నాడు. "మా మామ పోసిండు. నేను ఇంట్ల లేనప్పుడు. ఊరాయన, ఏం తెల్వది గాయనకు."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద అని అడిగితే, ఆ క్షణంలో బాపు మీదే. పొలం వదిలి వచ్చి మరీ చేయాల్సిన పనేనా ఇది, ఒక మాట నన్ను అడిగితే ఏం పోయింది అని. కానీ ఇంటికి నడుస్తున్నంతసేపూ ఏదో నలక కంట్లో పడ్డట్టు గుచ్చుతూనే ఉంది. మా బాపు పరాయి వాళ్ల సైకిలు కూడా అడగకుండా ముట్టుకునే మనిషి కాదు.

ప్రభాకర్ ఫోన్ చేసి పిలిపిస్తే బాపు మర్నాడే వచ్చాడు. ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే మా అత్త మొగిలవ్వ అందుకుంది.

"ఏం పుట్టింది నీకు? బండిల పొలం మందు పోస్తరా ఎవలన్న? నా కొడుకు నోట్ల మన్నుగొట్టినవ్ గదయ్యా! బిడ్డనిచ్చినప్పుడు ఏం ఇయ్యకపోతివి, ఇప్పుడు ఉన్నది ఊడగొడ్తివి. ఇగ నువ్వు ఈ గడప తొక్కద్దు, చెప్తున్న."

బాపు తువ్వాల రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. "తప్పయింది చెల్లె. నేనే పోసిన. తెల్వక పోసిన" అన్నాడు. పిల్లలు బడిలో పద్యం అప్పజెప్పినట్టు అన్నాడు. ప్రభాకర్ గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"బాపూ, షెడ్డు కాడికి పోదాం నడువు" అన్నాను.

"ఎందుకు బిడ్డా?"

"నడువు."

ప్రభాకర్ వెనకే వచ్చాడు, వద్దంటూ, ఎండ అంటూ, సారయ్యకు పని ఉంది అంటూ. షెడ్డులో మా బండి నిలబడి ఉంది. నేను బాపును దాని పక్కకు తీసుకుపోయాను.

"ఏ మూత తీసి పోసినవ్ బాపూ? సూపియ్యి."

బాపు బండిని చూశాడు. ముందు నుంచి వెనక దాకా ఒకసారి నడిచాడు. మళ్లీ వచ్చి, కొంచెం ఆలోచించి, డీజిల్ ట్యాంకు నల్ల మూత మీద చెయ్యి పెట్టాడు. నీలం మూత ఆయన మోచేతి పక్కనే ఉంది.

సారయ్య పానా తీసుకుని ఇంకో బండి కిందికి పోయాడు.

"గదా?" అన్నాను.

"గదే గావచ్చు" అన్నాడు బాపు. తర్వాత నా ముఖం చూసి చెయ్యి తీసేశాడు. "కోపానికి రాకు బిడ్డా. అల్లుడు యూరియా అయిపోయింది మామా, లైట్ ఎల్గుతుంది అని ఫోన్ జేసిండు. మన ఊళ్లె యూరియా లారీ అచ్చే దినాలే గవి. రెండు దినాలు నిలవడితె ఒక సంచి దొర్కింది. జగిత్యాలల బస్సు మారంగ కండక్టర్ సంచి ఎక్కనియ్య అన్నడు, కాళ్లు మొక్కి ఎక్కిన. అల్లుడే బకెట్ల కలిపి, గుడ్డల వడగట్టి పోసిండు. నేను వాకిట్లనే కూసున్న, బండి కాడికి పోలె. పొలం నాలుగు దినాలు ఆగుతది గని బండి ఆగితె మీరెట్ల బతుకుతరు అనుకున్న."

"మరి నువ్వే పోసిన అన్నవ్?"

"అల్లుడు అట్ల చెప్పుమన్నడు. నువ్వు ఇల్లు పీకి పందిరేస్తవు, ఇద్దరి నడుమ లొల్లి ఎందుకని..."

నేను ప్రభాకర్ వైపు తిరిగాను. అప్పటికే ఆయన గొంతు పెంచాడు. "అందరు యూరియా అనే అంటరు! డ్రైవర్లు అంటరు, పెట్రోల్ బంకోళ్లు అంటరు. నాకేం కల అచ్చిందా గది వేరే, గిది వేరే అని?"

"షోరూంల ఇన్న, ఇన్న అంటివి గదా."

"ఒక్క మాట యాదికుంటదా?"

"సరే, మర్సిపోయినవ్. పోసినవ్. బండి వాయె, సేటు వాయె. గదంత నేను మింగుత" అన్నాను. "గని మా బాపు పేరు ఎందుకు చెప్పినవ్? నీ కోసం లైన్ల నిలవడ్డోణ్ణి, కండక్టర్ కాళ్లు మొక్కినోణ్ణి, మీ అమ్మతోని కుక్కను కొట్టినట్టు మాటలనిపిస్తవా? గది గుడ మర్సిపోయి చేసినవా?"

దొరికిపోయినప్పుడు మగవాళ్లు చేసే పనే చేశాడు ఆయన, మాట మార్చాడు. సారయ్యను పిలిచి, "గా డబ్బా ఏదో ఉంటదట గదా, పెడితె లైట్ రాదట. గది పెట్టు, బండి ఎల్లిపోతది" అన్నాడు. అటువంటి డబ్బా ఒకటి ఉందట. అంతా బాగానే ఉందని బండి కంప్యూటర్‌కు అబద్ధం చెబుతుందట. లైటూ రాదు, యూరియా పోసే పనీ ఉండదు, విషం పొగ మాత్రం ఊరి మీదికి పోతూ ఉంటుంది.

"పెడ్తరు కొందరు" అన్నాడు సారయ్య నా వైపు చూస్తూ. "నేనైతె పెట్ట. దొరికితె కేసయితది."

"దేవునితోని కప్పినవ్, మా బాపుతోని కప్పినవ్, ఇప్పుడు డబ్బాతోని కప్పుతవా?" అన్నాను. "సారన్నా, ట్యాంకు దించు. ఏమేం కడగాల్నో అన్ని కడుగు. బండి నా పేరు మీద ఉన్నది, నేను చెప్తున్న."

సారయ్య ట్యాంకు దించాడు. మడ్డి నీళ్లు పారబోసి, బ్యాటరీల్లో పోసే స్వచ్ఛమైన నీళ్లతో కడిగాడు. నాజిల్‌ను వేడినీళ్లలో వేస్తే కట్టిన రాయి కరిగి తెల్లగా దిగింది. ఫిల్టరు మార్చాడు. పంపు మాత్రం చెడిపోయింది, అది కరీంనగర్ నుంచి రావాలన్నాడు. వచ్చాక సీలు బకెట్ తెచ్చి పోసి, మిషను పెట్టి బండి మెదడులో ఉన్న పాత తప్పులన్నీ తుడిపేస్తే గానీ లైటు పోదట. మనుషులకు అటువంటి మిషను లేకపోవడమే మంచిదనుకున్నాను. ఆ పూట నాకు ఏదీ తుడిపేయాలని లేదు.

బాపును దింపడానికి నేనూ ఊరికి పోయాను. చెరువు కట్ట దిగగానే చూశాను. చుట్టూ పొలాలు నల్లటి పచ్చగా ఉన్నాయి. మధ్యలో మా బాపు కౌలు మడి ఒక్కటి పాలిపోయి, ఆకుల కొనలు పసుపెక్కి ఉంది. పిలకలు వేసే అదును, ఇప్పుడు పడాల్సిన సంచి మా బండిలో పడింది. "నాలుగు దినాలల్ల సర్దుకుంటది" అన్నాడు బాపు ఒడ్డు మీద గడ్డి పీకుతూ. ఆ మడిని చూస్తుంటే నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అక్కడే ఒడ్డు మీద నిలబడి ప్రభాకర్‌కు ఫోన్ చేశాను.

"ఎల్లుండి ఈడికి లారీ అస్తదట. వచ్చి లైన్ల నిలవడు. బండి తయారయ్యేదాక నీకు పనేం లేదు గదా."

"నేనా? మీ ఊళ్లె? అల్లుణ్ణయి యూరియా లైన్లనా?"

"రాకపోతె పంపు వచ్చినంక బండి తాళంచెవి సారన్న నాకే ఇస్తడు. డ్రైవర్లు మస్తుమంది దొరుకుతరు."

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్లికి వచ్చినట్టు. తెల్లవారుతుండగా సన్నగా ముసురు పడుతోంది. గోదాము ముందు వరస అప్పటికే బడి గోడ దాకా పోయింది. నడుమ ఒక చోట బాపు ముందే పెట్టిన చెప్పులున్నాయి. వేలిముద్ర వేసేటప్పుడు నువ్వు వద్దువు గానీ, అప్పటిదాకా కూర్చోమని బాపును అరుగెక్కించి, ఆ చెప్పుల దగ్గర ప్రభాకర్‌ను నిలబెట్టాను. చాలాసేపు ఆయన తలెత్తలేదు. వెనక నిలబడ్డ పోచవ్వకు ఊరుకోవడం రాదు. నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్న ముసలమ్మ ఆమె.

"ఏం అల్లుడా, కోరుట్లల పొలం గిట్ల కొన్నవా? నీకెందుకే యూరియా?"

"మా మామ పొలానికి."

"మొన్ననే గదనె మీ మామకు సంచి దొర్కె. నా ముంగటనే తీస్కపాయె. గదేమాయె?"

ముందు వాళ్లు, వెనక వాళ్లు తిరిగి చూశారు. అరుగు మీంచి బాపు గబగబా దిగి వచ్చాడు. "గది నేనే, పోచవ్వా, వానకు తడిసి కరిగిపో..." అంటున్నాడు.

"బాపూ, నువ్వు మాట్లాడకు" అన్నాను. ఎప్పుడూ ఆయనతో అంత గట్టిగా మాట్లాడలేదు. ఆయన ఆగిపోయాడు. నేను ప్రభాకర్‌నే చూస్తున్నాను. ఆయన నన్ను చూశాడు, ఏమైనా సాయం చేస్తానేమోనని. నేను చేయలేదు.

"మామ మీద ఏం లేదు" అన్నాడు చివరికి. దగ్గి మళ్లీ అన్నాడు. "నేనే తెప్పిచ్చుకున్న. గా సంచి నేనే బండిల పోసిన. బండి గుడ ఖరాబైంది. మామ పోసిండని అందరికి నేనే చెప్పిన. అబద్ధం."

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అక్కడ ఉన్న ప్రతి ఒక్కరి మడీ పసుపెక్కుతూనే ఉంది మరి. 

"మేం దినాం వచ్చి ఈడ తడుస్తుంటె నువ్వు బండికి పోసినవా?" అంది పోచవ్వ. అరవలేదు, మామూలుగానే అంది. "మల్ల మీ మామ సెప్పుల జాగలనే నిలవడ్డవా? ఈ జాగ గాయనది. నువ్వు ఎన్కకు పో."

"ఎన్కకు పో" అన్నాడు ఇంకెవరో. ఆ మాట వరస పొడుగునా పోయింది. ప్రభాకర్ పక్కకు జరిగాడు. ఒక్కొక్కరినీ దాటుకుంటూ, బడి గోడ మూల దాకా నడిచి, అందరికంటే చివర నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

బాపు తన చెప్పుల్లో కాళ్లు పెట్టాడు గానీ మనసు నిలవలేదు. "అల్లుడొక్కడే ఆడ..." అంటూ వరసలోంచి బయటికి అడుగు వేశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"జాగ ఇడువకు బాపూ. నిలవడు."

పొద్దెక్కాక లారీ వచ్చింది. బాపు వేలిముద్ర వేసి సంచి తీసుకున్నాడు. పోచవ్వకూ దొరికింది. ఆ తర్వాత కొంతమందికే. లోపల సంచులు అయిపోయాయని షట్టరు దించేశారు. మిగిలిన వాళ్లు సొసైటీని, సర్కారును, వానను తిట్టుకుంటూ చెదిరిపోయారు. బడి గోడ దగ్గర ప్రభాకర్ ఒక్కడే మిగిలాడు. ఆయన ముందు ఇక వరస లేదు, అయినా నిలబడే ఉన్నాడు. రమ్మని నేను పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

బాపు తువ్వాల చుట్టి నెత్తి మీద పెట్టుకుని సంచి ఎత్తడానికి వంగాడు. నేను ఆ తువ్వాల లాగేశాను.

"ఆగు బాపూ" అన్నాను. "మోసెటోడు ఆడ నిలవడ్డడు."